పెట్టని బొట్టు

పోయిన వారం సంధ్యను నంద్యాల బస్టాండులో వదిలి వచ్చాం. ఒక కాలు ఆళ్లగడ్డ బస్సు మెట్టు మీద, ఇంకో కాలు నేల మీద. ఎక్కాలా వద్దా అని ఆమె, ఎక్కితే ఎక్కమ్మా లేకుంటే దిగు అని కండక్టరు. ఎక్కింది లెండి. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, శిరివెళ్ల దాటేదాకా ఒళ్లోని సంచిని రెండు చేతులా పట్టుకునే ఉంది. సంచిలో కుంకుమ భరిణె, పసుపు, తమలపాకులు, అరటిపండ్లు, ఒక చీర. శుభకార్యానికి పిలవబోయే మనిషి సరంజామా అది. ముఖం మాత్రం పోలీసు స్టేషనుకు పోతున్న మనిషిది.

మధ్యలో చేరినవాళ్లకు ఆ భయం దేనికో చెప్పాలి గదా. నంద్యాలలో పుల్లయ్య గారిది పెద్ద సంసారం. గోస్పాడు దగ్గర పొలాలు, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, వాళ్ల పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు. అందరూ ఒక బంతిలో కూర్చుంటే ఇరవై మూడు విస్తళ్లు లేస్తాయి. ఈ ఏడు ఎండలు ముదిరేలోగా ఆ ఇంట్లో శుభకార్యాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. మాఘంలో కొత్త ఇంటి గృహప్రవేశం. ఫాల్గుణంలో పుల్లయ్య షష్టిపూర్తి. ఉగాది పోగానే పెద్ద మనవరాలి ఓణీల వేడుక. చుట్టాలు ఎటూ వచ్చారు గదా అని ఒకనాడు మహానంది కోనేట్లో స్నానాలు, ఒకనాడు బెలుం గుహలు, ఒకనాడు అవుకు రిజర్వాయరులో పడవ షికారు. ఇక మిగిలింది ఒక్కటే. ఎల్లుండి ఆదివారం అహోబిలంలో సంధ్య కొడుకు, పదకొండు నెలల బుడ్డోడి పుట్టెంట్రుకలు.

ఇన్ని వేడుకల్లోనూ, తీసిన ఫోటోలన్నింటిలోనూ సంధ్య నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వెనక ఏముందో ఆమె మొగుడు శ్రీకాంత్‌కు గూడా తెలియదు.

సంగతి ఇదీ. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ కార్యమైనా గడపకు పోయి, బొట్టు పెట్టి, నోరారా పిలవాలి. ఫోను చేస్తే పిలిచినట్టు కాదు. కార్డు పంపితే పిలిచినట్టు కాదు. ఇక వాట్సాప్‌లో పెడితే అంతకన్నా తిట్టడం మేలు. పుల్లయ్య షష్టిపూర్తికి ఊళ్లు పంచుకున్నప్పుడు సంధ్య వంతుకు శిరివెళ్ల, ఆళ్లగడ్డ వచ్చాయి. ఆళ్లగడ్డలో పిలవాల్సింది ఒక్క ఇల్లు. పుల్లయ్య సొంత అక్క జానకమ్మ ఇల్లు.

జానకమ్మ అంటే ఆ ఇంటికి మామూలు చుట్టం కాదు. పుల్లయ్యకు ఆడపిల్లలు లేరు. కాబట్టి ఆ గడపకు ఆడపడుచు అంటే ఆమె ఒక్కతే. ముగ్గురు మేనల్లుళ్ల పుట్టెంట్రుకలూ ఆమె కొంగులోనే పడ్డాయి. మనవళ్లవీ, మనవరాళ్లవీ అంతే. మేనత్త కొంగు పట్టనిదే ఆ ఇంటి బిడ్డ తల మీద కత్తెర పడదు. పైగా మొగుని మేనత్త కోడలికి వరుసకు తల్లే అవుతుంది. సంధ్య ఆమెను పెద్దమ్మా అనే పిలుస్తుంది.

అంతటి మనిషి ఇంటికి పోకుండానే, పోయి బొట్టు పెట్టి వచ్చానని సంధ్య చెప్పింది.

ఆ దినం గురువారం. శిరివెళ్లలో మూడిళ్లు పిలిచి, ఆళ్లగడ్డలో దించి, శ్రీకాంత్ తన పని మీద పోయాడు. కొత్త ఇంటికి రాతి తులసికోట మాట్లాడమని అత్త చెప్పింది గనక సంధ్య ముందు శిల్పుల షెడ్ల దగ్గరికి పోయింది. బేరం అయిపోయేసరికి ఒకటిన్నర. రాహుకాలంలో పిలవకూడదు గదా, మూడింటికి పోదామని అక్కడే ఒక చెక్కని బండ మీద కూర్చుంది. మూడైంది. లేవలేదు. నాలుగైంది. లేవలేదు. జానకమ్మ ఇల్లు అక్కడికి రెండు వీధులు. కాళ్లకు ఏ జబ్బూ లేదు. ఫోను చూసుకుంటూ, ఈమె కూర్చోబెట్టి రెండు గంటలు వాయిస్తుంది, మళ్లీ ఏదో ఒక వంక పెడుతుంది అని గొణుక్కుంటూ కూర్చుంది. అయిదున్నరకు శ్రీకాంత్ వచ్చి, "అత్త ఎట్లుంది?" అన్నాడు. "బాగుంది," అంది. ఆ ఒక్క మాటతో మొదలైంది.

ఇంటికి పోతే అత్త లీలావతి వాయనాలు చూపించమంది. పిలవబోయిన ముత్తయిదువకు రవికగుడ్డ పెట్టి పంపడం ఆనవాయితీ. జానకమ్మ పెట్టిందని చెప్పడానికి సంధ్య శిరివెళ్ల వాళ్లు పెట్టిన మూడింటిలో ఒక ముక్కను తీసి చూపించింది. లీలావతి దాన్ని వేళ్ల మధ్య నలిపి, "సొంత తమ్ముని షష్టిపూర్తికి ఇదా మా వదిన పెట్టే గుడ్డ?" అని మూతి తిప్పింది. అట్లా పిలుపు లేని మనిషికి పిసినారి పేరు గూడా అంటింది.

షష్టిపూర్తి నాడు పుల్లయ్య దండ చేతిలో పట్టుకుని వాకిలి వైపే చూశాడు. మొదటి అక్షింతలు అక్క వేయాలి. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందంటే, "ఇంగో పది నిమిషాలు స్వామీ," అన్నాడు. మూడుసార్లు అన్నాడు. చివరికి పురోహితుడే అక్షింతలు వేశాడు. మర్నాడు గదిలోకి పోయి తలుపేసుకుని అక్కకు ఫోను చేశాడు. ఏం మాట్లాడుకున్నారో గాని, బయటికొచ్చి అందరి ముందూ, "ఆమె మనకు లేదనుకోండి," అన్నాడు. సంధ్య మీద పల్లెత్తు మాట పడలేదు. ఎందుకు పడలేదో ఆమెకు అర్థం కాలేదు. బతికిపోయాననుకుంది.

బతికిపోలేదు. నిజం చెప్పేద్దామని మహానంది కోనేట్లో మునిగి లేచినప్పుడు అనుకుంది. అత్త వీపు రుద్దమంది, మాట దాటిపోయింది. అవుకులో పడవ ఎక్కాక మామ ఎదురుగా కూర్చుని నోరు తెరిచింది. ఆయన అంతలో, "మా అక్కకు నీళ్లంటే భయం, చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకునేది," అని, అన్నందుకు తన మీద తనే కోప్పడి ముఖం తిప్పుకున్నాడు. తెరిచిన నోరు మూసుకుంది. వేడుకల సందడిలో ఒక అబద్ధం ఎంత హాయిగా పెరుగుతుందో సంధ్యకు ఈ రెండు నెలల్లో తెలిసొచ్చింది.

నిన్న మధ్యాహ్నం బంతిలో పుల్లయ్య తేల్చి చెప్పేశాడు. "డోన్ నుంచి జయమ్మ వస్తాంది. చిన్నాయన కూతురైనా చెల్లెలే. బుడ్డోని ఎంట్రుకలు ఆమె పడ్తాది. ఇంగొకటి. అహోబిలం పొయ్యే బండ్లు ఆళ్లగడ్డలో ఆగగూడదు. నీళ్లకు గూడ."

పప్పు వడ్డిస్తున్న సంధ్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఒక మనిషిని పుట్టింటి నుంచి కోసి అవతల పారేస్తున్నారు. ఆ కత్తి తన చేతిలోది. అందుకే ఈ దినం తులసికోట చూసొస్తానని చెప్పి బస్సెక్కింది.

జానకమ్మ ఇంటి అరుగు మీద ఆమె భర్త సంజీవయ్య పేపరు చదువుతున్నాడు. ఎరువుల అంగడి మధ్యాహ్నం మూసి వచ్చి కూర్చునే వేళ అది. సంధ్య పెళ్లికి పెద్దరికం వహించి, పందిట్లో తిరిగి తిరిగి అందరి చేతా భోజనం చేయించిన మనిషి. పేపరు దించి ఆమెను నిలువునా చూశాడు.

"ఎవరు గావాలమ్మా?" అన్నాడు.

"నేను, పెద్దనాయనా. సంధ్యను."

"ఏ ఊరు?"

జవాబు కోసం ఆగకుండా ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. మేడ మీద నుంచి కేక వినబడింది. "ఎవురదీ?"

"ఎవురో. నిన్నేమో," అన్నాడు ఆయన పేపరు వెనక నుంచి.

జానకమ్మ పిట్టగోడ మీద నుంచి వంగి చూసింది. "చెప్పులు ఆడనే ఇడిసి రా. మేడంతా పిండి ఉండాది," అంది.

మేడ మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది. పక్కన పెద్ద గిన్నె నిండా పిండి. అరవై అయిదేళ్ల మనిషి, నెత్తిన తువ్వాలు కప్పుకుని ఎండలో చతికిలబడి ఉంది. శిల్పుల షెడ్ల వైపు నుంచి రాతి మిషన్ల రొద వస్తోంది.

"మధ్యాన్నం ఎండలో ఎట్ల వస్తివే? బిడ్డేడీ?"

"అత్త దగ్గర పెట్టొచ్చినా."

"పాలు తాగే బిడ్డను ఇడిసిపెట్టి వచ్చినావా? సరే, కూసో. వట్టి చేతులతో కూసోవాకు. ఈ వరస నువ్వు పెట్టు."

సంధ్య సంచి పక్కన పెట్టి కూర్చుంది. చెయ్యి కడుక్కుని పిండి తీసుకుంది. బస్సులో వరసగా పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మూడు వడియాలు పెట్టింది. నాలుగోది పెడుతూ, తల ఎత్తకుండానే అనేసింది.

"పెద్దమ్మా. షష్టిపూర్తికి పిలవనీకి నేను మీ ఇంటికి రాలేదు."

"తెల్సు."

"వచ్చి బొట్టు పెట్టినానని ఇంట్లో చెప్పినా."

"అదీ తెల్సు. వడియం అంత పల్చగా పెట్టాకు, ఎండితే చీరకు అంటుకుంటాది."

"ఎట్ల తెల్సు పెద్దమ్మా?"

"మీ మామ ఫోన్ చేసినాడు గదా, కార్యమైన తెల్లారి. 'సంధ్య వచ్చి పిలిచిందా లేదా, ఒక్క మాట చెప్పక్కా' అన్న్యాడు. పిలిచింది నాయనా అంటి. బొట్టు పెట్టిందా అన్న్యాడు. పెట్టింది అంటి. మరెందుకు రాలేదు అన్న్యాడు. నాకే బుద్ధి కాలేదు అంటి." జానకమ్మ గిన్నెలో పిండి కలుపుకుంది. "ఇంగేం మాట్లాడతాడు వాడు? ఫోన్ పెట్టేసినాడు."

రెండు నెలలుగా సంధ్యకు అర్థం కానిది అప్పుడు అర్థమైంది. ఆ తలుపు వెనక జరిగింది ఇదా! తన మీద పడాల్సిన పిడుగును ఈమె కొంగు పట్టి ఆపుకుందా! బతికిపోయానని తాను అనుకున్న ఆ పూట, ఇక్కడ ఒక ముసలి ప్రాణం పుట్టిల్లు పోగొట్టుకుని కూర్చుందా! సంధ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎందుకు అట్ల చెప్పినావు పెద్దమ్మా? రాలేదని చెప్పుంటే అయిపోయేది గదా!"

"అయిపోయేది. నీ పనే అయిపోయేది." జానకమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "నా తమ్ముడు ఎట్లాంటోడో నాకు తెల్దా? పెద్దోళ్లను అవమానం చేసిందంటే, ఆ కోడలి చేతి నీళ్లు గూడ ముట్టడు. ఒడిలో పసిబిడ్డ, ఇల్లంతా చుట్టాలు. అంతమందిలో నీ గతేమి? నా మీద అలిగితే ఏముంది, నాలుగు దినాలుండి వాడే వస్తాడనుకుంటి. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు అలగలేదు? ఈసారి రాలేదు. అంతే."

అంతే అని తువ్వాలు కళ్ల మీదికి లాక్కుంది.

"మరి పెద్దనాయన?"

"ఆయప్ప సంగతి అడగాకు. ఫోన్‌లో నేను 'పిలిచింది, బొట్టు పెట్టింది' అంటాంటే ఎదురుగానే కూసోని ఉండాడు. ఎవరూ రాలేదని ఆయనకు తెల్సు గదా. 'మీ పుట్టింటోళ్లు నన్ను మనిషి కింద లెక్కజేయకపాయె, నువ్వేమో వాళ్లకు అబద్ధాలు చెప్పి కాపాడ్తాండావ్' అన్న్యాడు. ఆపొద్దు నుంచి అన్నం పెట్టమంటాడు, తింటాడు, పోతాడు. అంతకుమించి నాతో మాట లేదు. రెండు నెల్లాయె."

సంధ్య కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులకు పిండి. మోచేత్తో తుడుచుకుంది. "నాకు యాళ దొరకలేదు పెద్దమ్మా. తులసికోట బేరం ఆలస్యమయ్యింది. రాహుకాలం వచ్చింది..."

"సంధ్యా."

పేరు పెట్టి పిలిచేసరికి ఆమె ఆగిపోయింది.

"ఈడికొచ్చి గూడ అబద్ధమేనా? నేను నిన్ను చూస్తినే."

సంధ్య చేతిలోని పిండి ముద్దను మళ్లీ గిన్నెలో వేసేసింది.

"శిరివెళ్ల వాళ్లు పొద్దున్నే ఫోన్ చేసిన్యారు. 'మీ కోడలు మమ్మల్ని పిలిచి ఆళ్లగడ్డ పోతాంది, మీ ఇంటికే' అని. ఇంట్లో ఆకులు లేవని బజారుకు పోతి. వచ్చేటప్పుడు షెడ్ల కాడ నువ్వు అగుపడితివి. బండ మీద కూసోని ఫోన్ చూసుకుంటాండావ్. పిలుద్దామనుకుంటి. రాహుకాలం నడుస్తాంది, అది పొయ్యేదాంక కూసోనుంది పాపం, పద్ధతి తెల్సిన పిల్ల అనుకుంటి. నాకంటే ముందు నువ్వు ఇంటికొస్తే బాగుండదని బిరబిరా వస్తి. పాలు కాంచి పెడితి. పట్టుచీర కట్టుకుంటి. మీ పెద్దనాయన అంగడి మూసేసి, గడ్డం చేసుకోని, అరుగు మీద కూసున్న్యాడు. మూడు నుంచి దీపాలు పెట్టేదాంక కూసున్న్యాడు. వీధిలో పొయ్యేటోళ్లంతా 'ఏమి సంజీవయ్యా, యాడికి ప్రయాణం' అని అడిగేటోళ్లే. 'తమ్ముని ఇంటి నుంచి పిలుపు వస్తాంది' అని అందరికీ చెప్పుకున్న్యాడు."

ఇంకేమైనా తిట్టినా బాగుండేది. జానకమ్మ తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, మళ్లీ వడియాల వరస మొదలుపెట్టింది. గడ్డం చేసుకుని అరుగు మీద కూర్చున్న ఆ పెద్దాయన సంధ్య కళ్లకు కట్టాడు. ఇందాక 'ఏ ఊరు' అని అడిగింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఛీ, నాది గూడా ఒక బతుకేనా అనుకుంది.

"నేనేమంటినే నిన్ను?" అని జానకమ్మే అడిగింది. "ఊరికే అడుగుతాండా. రెండు వీధుల అవతల కూసోని రాకుండా పోతివంటే నా వల్ల ఏదో అయ్యుంటాది. అదేందో చెప్పు."

చెప్పడానికి సంధ్యకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ మనసులో కొండంత చేసి పెట్టుకున్నది, నాలుక మీదికి వచ్చేసరికి ఇంతైపోయింది.

"గృహప్రవేశం నాడు... భక్ష్యాలు."

"భక్ష్యాలా?"

"తెల్లారకముందే మబ్బునే లేసి రెండొందలు చేసినా పెద్దమ్మా. నువ్వు అందరి ముందు ఒకటి ఎత్తి పట్టుకోని, 'ఏమ్మే, ఇది భక్ష్యమా రొట్టెనా, పూర్ణం యాడ దాచిపెట్టినావ్' అంటివి. అందరూ నవ్విన్యారు. మా అమ్మ గూడ ఆడనే ఉండె."

జానకమ్మకు ఫక్కున నవ్వు వచ్చింది. సగంలో ఆగిపోయింది. నెత్తి మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంది.

"మీ అమ్మ ఆడ ఉందా? చూసుకోలేదే నేను." తువ్వాలు మళ్లీ నెత్తిన వేసుకుంది. "నా నోరు అంతేనమ్మే. మీ మామను గూడ అట్లనే అంటా, మీ అత్తను గూడ అంటా. అయినా కన్నతల్లి ముందు బిడ్డను అనగూడదు. అది నా తప్పే. నువ్వు ఆ దినమే వచ్చి నా ముఖానే అడిగింటే, తప్పే అని ఆడనే ఒప్పుకునేదాన్ని."

అది సంధ్య భరించలేకపోయింది. తప్పు చేసింది తాను. అబద్ధం ఆడింది తాను. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య మాటలు లేకుండా చేసింది తాను. అక్కాతమ్ముళ్లను విడదీసింది తాను. ఇప్పుడు ఆమె నోటితో తప్పు నాది అనిపించుకుంటున్నదీ తానే. వంగి జానకమ్మ కాళ్లు పట్టుకుంది. పిండి చేతుల ముద్రలు ఆమె పాదాల మీద పడ్డాయి.

"లెయ్, లెయ్. ఏడ్సాకు. ఎండకు కండ్లు తిరుగుతాయి," అంది జానకమ్మ. "వచ్చి చెప్పినావు గదా, నా కడుపు చల్లగయ్యింది. ఇంగ దీన్ని ఈ మేడ మీదనే ఇడిసిపెట్టి పో."

"ఇడిసిపెడితే ఎట్ల? ఎల్లుండి బుడ్డోని ఎంట్రుకలు డోన్ జయమ్మ పడ్తాదంట. బండ్లు ఆళ్లగడ్డలో ఆగగూడదంట."

జానకమ్మ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. ఈ కబురు ఆమెకు చేరలేదు. ఎన్నేళ్లుగానో అహోబిలం పోయే ఆ ఇంటి బండ్లు ఆమె వాకిట ఆగకుండా పోయింది లేదు. ఇరవై మందీ దిగి, ఆమె చేతి ఉగ్గాని, బజ్జీ తిని పోయేవాళ్లు. తల అటు తిప్పుకుంది.

"పట్టనీ," అంది. "జయమ్మ మంచిదే. బిడ్డకు శుభం జరిగితే సాలు."

"నీ కొంగులో పడాల పెద్దమ్మా. వాళ్ల నాయనవి పడినట్ల. నేను మామకు నిజం చెప్తా."

"చెప్పాకు!" జానకమ్మ గట్టిగా కసిరింది. "నీకేమన్నా పిచ్చా? రెండు నెలలు నేను నోరు కుట్టుకోని కూసున్నది ఎందుకు? ఎల్లుండి కార్యం పెట్టుకోని ఈపొద్దు చెప్తావా? నిన్ను పీటల మీద గూడ కూసోనీయడు వాడు. నీ బిడ్డ పుట్టెంట్రుకలకు నువ్వే లేకుండా చేస్తాడు. చెప్పాకు. నా మీద ఒట్టు."

సంధ్య లేచి నిలబడింది. సంచిలోంచి ఫోను తీసింది. టైము ఒకటి ముప్పావు. ఇంట్లో ఇప్పుడు అందరూ భోజనాల బంతిలో ఉంటారు. మామకు ఒక చెవి సరిగా వినబడదు, ఏ ఫోను వచ్చినా స్పీకరులో పెట్టే మాట్లాడతాడు. ఇది ఆమెకు బాగా తెలుసు. అందరి ముందూ ఆడిన అబద్ధం, ఒక్కరి చెవిలో దిద్దుకుంటే దిద్దుకున్నట్టా? మామ నంబరు నొక్కి, తానూ స్పీకరులో పెట్టింది.

"ఏందే చేస్తాండావ్? ఇయ్యి, ఫోన్ ఇట్లియ్యి!" జానకమ్మ లాక్కోబోయింది. మోచేతుల దాకా పిండి. పైగా మోకాళ్లు చప్పున లేవనీయవు. చేతులు గాల్లో ఊరికే ఆడాయి.

"ఆఁ, ఎవురు?" పుల్లయ్య గొంతు. వెనక విస్తళ్ల చప్పుడు, పిల్లల అరుపులు. "సంధ్యనా? తులసికోట అయ్యిందా?"

"మామా, నేను జానకమ్మ పెద్దమ్మ ఇంట్లో ఉండా."

అవతల చప్పుడు సగం తగ్గింది. "ఆడికెందుకు పోతివి?"

"మామా, నీ షష్టిపూర్తికి నేను పెద్దమ్మను పిలవలేదు. బొట్టు పెట్టినానని అబద్ధం చెప్పినా. ఆళ్లగడ్డలోనే ఉండి, రెండు వీధుల అవతల కూసోని, పౌరుషం కొద్దీ వాళ్లింటికి పోకుండా వచ్చినా. ఆ రవికగుడ్డ గూడ పెద్దమ్మ పెట్టింది కాదత్తా, అది శిరివెళ్ల వాళ్లది. నువ్వు ఫోన్ చేస్తే పెద్దమ్మ నా కాపురం కోసరం, పిలిచింది, నాకే రాబుద్ధి కాలేదు అని చెప్పింది మామా. పెద్దమ్మ తప్పు ఏమీ లేదు. పెద్దనాయన తప్పు ఏమీ లేదు. తప్పంతా నాది."

ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. అవతల బుడ్డోడు ఎవరి చంకలోనో ఏడుస్తున్నాడు. ఎవరో పళ్లెం జరిపిన చప్పుడు వినబడింది. నిన్న రాత్రే డోన్ నుంచి దిగిన జయమ్మ గొంతు సన్నగా, "ఏందన్నా, ఏమంటాంది ఆ పిల్ల?" అంది.

"మామా," అంది సంధ్య మళ్లీ.

"శ్రీకాంతా," అన్నాడు పుల్లయ్య. కోడలితో కాదు, కొడుకుతో. గొంతులో కోపం ఉందో ఏడుపు ఉందో తెలియలేదు. "బండి తియ్యి."

"యాడికి నాయనా?" అని శ్రీకాంత్ అడగడం వినబడింది. ఫోను కట్టయింది.

మెట్ల దగ్గర ఎవరో కదిలినట్టయి సంధ్య తిరిగి చూసింది. సంజీవయ్య. ఎప్పుడు వచ్చాడో, చేతిలో నీళ్ల చెంబు ఉంది. అంతా విన్నట్టే ఉన్నాడు. చెంబు తెచ్చి సంధ్య ముందు పెట్టాడు. "తాగమ్మా," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. గిన్నె దగ్గరికి జరుపుకుని, రెండు నెలల తర్వాత ఆమె పక్కన కూర్చున్నాడు. జానకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సంధ్య నీళ్లు తాగి, చేతులు కడుక్కుని, సంచి తెరిచింది. భరిణె మూత తీసింది. ఆ దినం చేయాల్సిన పని ఇప్పుడైనా చేద్దామని మోకాళ్ల మీద కూర్చుని, ఉంగరపు వేలితో కుంకుమ తీసింది.

"పెద్దమ్మా, ఎల్లుండి అహోబిలంలో నా బిడ్డ పుట్టెంట్రుకలు. నువ్వూ పెద్దనాయనా..."

వేలు నొసటిదాకా పోలేదు. జానకమ్మ పిండి చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. కోపంగా కాదు. ఆ కళ్లలో ఉన్నది భయం.

"వద్దమ్మే. ఇప్పుడు పెట్టాకు," అంది. "మీ మామ బయల్దేరినాడు. రానీ. వచ్చి ఏం చెప్తాడో చెప్పనీ. ముందు ఆ ఇంట్లో నీకు చోటుంటే గదా, నువ్వు నన్ను ఆ ఇంటికి పిలిచేది."